బాగైపోయింది కదా, ఇంకా ఎందుకు ఇవ్వట్లేదు?

రెస్క్యూ చేసిన కుక్కల ఫొటోల కింద అందరూ అడిగే ప్రశ్న ఇది. మొదటి ఫొటోలో ఎముకల గూడు, ఒంటిమీద వెంట్రుక లేదు, మెడచుట్టూ పుండు. రెండో ఫొటోలో సోఫా మీద వెల్లకిలా పడుకుని గుర్రుపెట్టి నిద్ర. మధ్యలో నెలలు గడిచాయంటే "రెండు ఇంజెక్షన్లు వేయిస్తే తగ్గిపోదా" అంటారు. ఇంకా దత్తతకి ఇవ్వలేదంటే మాత్రం కాస్త అనుమానంగా చూస్తారు, విరాళాల కోసం అట్టే పెట్టుకున్నారేమో అన్నట్టు. బయటినుంచి చూస్తే అలాగే కనిపిస్తుంది కాబట్టి కోపం తెచ్చుకునే పని లేదు. అసలు సంగతేంటంటే ఆ నెలల్లో కొన్ని వైద్యానివి, కొన్ని కుక్క మనసువి, మిగతావి అచ్చంగా మనుషులవి. మొదటి రెండూ తగ్గించేవి కావు. మూడోది తగ్గించొచ్చు. మనం చేసేది సరిగ్గా తలకిందులు: వైద్యంలో, అలవాటు పడటంలో తొందరపెట్టి, ఇల్లు దొరికే దగ్గర మాత్రం నెలలు నానుస్తాం.

ప్రస్తుతం మా ఇంట్లో ఫోస్టర్‌గా, అంటే దత్తత ఇల్లు దొరికేదాకా తాత్కాలికంగా, ఉంటున్న కుక్క పేరు బెల్లం. రంగుని బట్టి పెట్టిన పేరే గానీ, ఆ రంగు ఒంటిమీదికి రావడానికి చాలాకాలం పట్టింది, వచ్చినప్పుడు వీపు మీద వెంట్రుకలే లేవు. హైదరాబాద్ శివార్లలో తెల్లాపూర్ వైపు అపార్ట్‌మెంట్లు లేస్తున్న చోట ఒక సైటులో దొరికింది. ఈ సైటు కుక్కల కథలన్నీ ఇంచుమించు ఒకేలా ఉంటాయి. ఇనుము, సిమెంటు పోకుండా కాపలాకని వాచ్‌మన్ కుటుంబం ఒక పిల్లని తెచ్చుకుంటుంది, పారిపోకుండా మెడకి నైలాన్ తాడు కడతారు, మొదట్లో పిల్లలు ఆడుకుంటారు, ఇంత అన్నం కూడా పడేస్తారు. పని అయిపోయాక ఆ కుటుంబం ఇంకో సైటుకో సొంతూరికో వెళ్లిపోతుంది, కుక్క ఉన్నచోటే ఉండిపోతుంది. కుక్క పెరుగుతుంది, తాడు పెరగదు. అది చర్మాన్ని మెల్లగా కోసుకుంటూ లోపలికి దిగి, దాని మీద కండ పెరిగి, చివరికి ముడి ఒక్కటే బయటికి కనిపిస్తుంది. బెల్లం దగ్గరికి వెళ్తే ముందు వాసన కొట్టింది, ఆ తర్వాతే చెవి కింద ఆకుపచ్చ ముడి కనపడింది. ఇలాంటి తాడుని ఎవరూ ఇంట్లో కత్తెర పెట్టి లాగకూడదు. పెద్ద రక్తనాళాలన్నీ మెడలోనే ఉంటాయి, మత్తిచ్చి, చుట్టూ గొరిగి, కడిగి డాక్టరే తీయాలి.

వాచ్‌మన్‌ని తిట్టిపోయడం తేలిక. రేకుల షెడ్డులో నలుగురు పిల్లలతో ఉంటూ, పోయేటప్పుడు మినీ ట్రక్కులో గిన్నెలకే చోటు చాలనివాళ్లు కుక్కని ఎక్కడ ఎక్కిస్తారు? అయితే ఆ సైటు బిల్డరుకి, కొన్న ఫ్లాటు చూసుకోవడానికి ప్రతి ఆదివారం వచ్చిపోయేవాళ్లకి కూడా ఆ కుక్క కనపడే ఉంటుంది కదా. చట్టం సంగతి అంటారా, 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నిరోధక చట్టంలో సెక్షన్ 11 ఉంది. మరీ పొట్టి గొలుసుతోనో తాడుతోనో చాలాసేపు కట్టేయడం, తిండీ నీళ్లూ పెట్టకపోవడం, ఆకలితో మాడేలా వదిలేసి పోవడం అన్నీ అందులో నేరాలే. మొదటిసారి జరిమానా 10 రూపాయల నుంచి 50 రూపాయలు. ఆ మాట పోలీస్ స్టేషన్‌లో చెబితే రాసుకునే కానిస్టేబుల్‌కే నవ్వొస్తుంది. అందుకే ఈ కథల్లో కేసు దాకా వెళ్లేవి తక్కువ.

ఇక వైద్యం. అందరూ ముందుగా అడిగేది తిండి గురించే: "అంత బక్కచిక్కింది, కడుపునిండా చికెన్ పెట్టొచ్చుగా." చాలా రోజులు పస్తులున్న కుక్కకి ఒక్కసారిగా కడుపునిండా పెడితే చచ్చిపోయే ప్రమాదం ఉంది, మాట వరసకి అనడం లేదు. తిండి లేనప్పుడు శరీరం తన కొవ్వునీ కండనీ కరిగించుకుని బతుకుతుంది. ఒళ్లు అలా సర్దుకున్నాక ఒకేసారి అన్నమో బిస్కెట్లో పడితే ఇన్సులిన్ ఎగదన్నుతుంది, రక్తంలో ఉన్న కాస్త ఫాస్ఫరస్, పొటాషియం, మెగ్నీషియం కణాల్లోకి దూరిపోతాయి, రక్తంలో వాటి మట్టం ధబాలున పడిపోతుంది. గుండె లయ తప్పుతుంది, ఫిట్స్ రావచ్చు. తిండి మొదలుపెట్టిన తొలి కొద్దిరోజుల్లోనే ఇదంతా జరుగుతుంది కాబట్టి "నిన్న బాగానే తిన్నది, ఇవాళ పోయింది" అని ఆశ్చర్యపోతుంటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆకలి శిబిరాల నుంచి బయటపడ్డ మనుషుల్లో డాక్టర్లు గమనించింది కూడా ఈ ఉపద్రవాన్నే.

మరి ఎంత పెట్టాలి? డాక్టర్లు వాడే లెక్క ఒకటుంది. కుక్క బరువుని కిలోల్లో తీసుకుని దాన్ని 0.75 ఘాతానికి హెచ్చించి 70తో గుణిస్తే, ఏ పనీ చేయకుండా పడుకున్నా ఆ ఒంటికి రోజుకి కావల్సిన కేలరీలు వస్తాయి. వచ్చినరోజు బెల్లం 11 కిలోలు, అంటే సుమారు 420 కేలరీలు. మొదటిరోజు అందులో నాలుగో వంతో మూడో వంతో పెట్టమంటారు. ఒకటిన్నర, మహా అయితే రెండు ఉడికించిన గుడ్లతో సమానం! అదీ ఒకేసారి కాదు, నాలుగైదు ముద్దలుగా, అన్నం తగ్గించి మాంసం, గుడ్డు ఎక్కువగా, రోజురోజుకీ కొంచెం పెంచుకుంటూ. గిన్నె నాకేసి మన మొహంలోకి చూస్తున్న కుక్కకి ఇంకో ముద్ద పెట్టకుండా వంటింటి తలుపు వేసుకోవడం ఫోస్టర్ పనిలో అన్నిటికంటే కష్టమైన భాగం. మా అత్తగారు రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

తిండి గాడిలో పడ్డాక చర్మం. గజ్జి అని ఒకే మాట వాడేస్తాం గానీ అందులో రెండు రకాల పురుగులున్నాయి, రెంటి దారులూ వేరు. సార్కోప్టిస్ అనేది విపరీతంగా దురద పెడుతుంది, చెవుల అంచులు పొలుసులు కట్టేస్తాయి, మనుషులకీ పక్క కుక్కలకీ అంటుకుంటుంది. డెమోడెక్స్ అలా కాదు, ఆరోగ్యంగా ఉన్న కుక్కల వెంట్రుక కుదుళ్లలోనూ కొద్దిగా ఉంటుంది, తిండి లేక రోగనిరోధక శక్తి పడిపోయినప్పుడు అదుపు తప్పి పెరుగుతుంది, మనుషులకి రాదు. ఏదో తేల్చాలంటే డాక్టర్ చర్మాన్ని వేళ్లతో నొక్కిపట్టి బ్లేడుతో సన్నగా రక్తం చెమ్మ కనిపించేదాకా గీకి, ఆ పొట్టుని మైక్రోస్కోప్ కింద చూడాలి. బెల్లానిది డెమోడెక్స్. ఇప్పుడు నెలకో మాత్రతో పనిచేసే మందులు వచ్చాయి కాబట్టి ఒకప్పటంత అవస్థ లేదు. కానీ జనం మోసపోయేది ఇక్కడే: వెంట్రుకలు మొలిచాయంటే జబ్బు పోయిందని కాదు. నెల తేడాతో రెండుసార్లు గీకి చూస్తే రెండుసార్లూ పురుగు కనిపించకూడదు, అప్పటిదాకా మందు ఆపకూడదు. అంటే ఫొటోలో కుక్క నిగనిగలాడటం మొదలయ్యాక కూడా వైద్యం నడుస్తూనే ఉంటుంది. (వాడేసిన ఇంజన్ ఆయిల్ పూస్తే గజ్జి పోతుందని మెకానిక్ షెడ్డుకి పరిగెత్తేవాళ్లు ఇంకా ఉన్నారు. దయచేసి వద్దు. కుక్క ఒళ్లంతా నాక్కుంటుంది, ఆ విషం లోపలికి పోతుంది, పుండ్లున్న చర్మం కాలిపోతుంది.)

గోమార్ల జ్వరం సంగతి ఇంకోటి. మన దగ్గర వీధి కుక్కల చెవుల్లో, వేళ్ల సందుల్లో గోధుమరంగు గోమార్లు గుత్తులుగా పట్టుకుని ఉంటాయి, ఎర్లికియా అనే బ్యాక్టీరియాని ఎక్కించేవి అవే. పైకి జ్వరం తగ్గినట్టే ఉంటుంది, లోపల ప్లేట్‌లెట్స్ పడిపోతుంటాయి, ఒక్కోసారి ముక్కు నుంచి రక్తం కారేదాకా తెలియదు. డాక్సీసైక్లిన్ నాలుగు వారాలు వాడాలి, మధ్యలో మానేస్తే లాభం లేదు. దానికి తోడు కడుపులో కొంకి పురుగులుంటే అవి రోజూ రక్తం తాగుతూనే ఉంటాయి. పై పెదవి ఎత్తి చిగుళ్లు చూస్తే తెలిసిపోతుంది. ఆరోగ్యంగా ఉన్న కుక్క చిగురు గులాబీ రంగులో ఉంటుంది, వేలితో నొక్కి వదిలితే తెల్లబడి రెండు సెకన్లలోపు మళ్లీ ఎర్రబడుతుంది. బెల్లం చిగుళ్లు కాగితంలా ఉండేవి, నొక్కినా నొక్కకపోయినా ఒకటే రంగు.

ఇవన్నీ ఒకేసారి ఎందుకు చేసెయ్యకూడదంటే, ఒకదాని వెనక ఒకటి ముడిపడి ఉన్నాయి. ప్లేట్‌లెట్స్ తక్కువుంటే ఆపరేషన్ బల్లమీద రక్తం ఆగదు. రక్తహీనత ఉంటే మత్తుమందు తట్టుకోలేదు. నీరసంగా, జబ్బుగా ఉన్న ఒంటికి టీకా వేసినా అది సరిగా పట్టదు, కోలుకున్నాక డిస్టెంపర్, పార్వో లాంటి ప్రాణాంతక వైరస్ జబ్బులకి మూడు నాలుగు వారాల ఎడంతో రెండు డోసులు, రేబిస్ టీకా విడిగా. పైగా డిస్టెంపర్ ఒంట్లో ఉండి బయటపడకపోవచ్చు కాబట్టి ఇంట్లో వేరే కుక్కలుంటే కొత్తదాన్ని మొదట్లో విడిగా పెట్టాలి. ఆడకుక్క అయితే కుటుంబ నియంత్రణ ఆపరేషన్ చేయకుండా ఎవరూ దత్తతకి ఇవ్వరు, ఇవ్వకూడదు. అదే సమయానికి ఎదకి వచ్చిందనుకోండి, ఇంకో రెండు మూడు నెలలు ఆగాల్సిందే. ఆపరేషన్ చేయకుండా వదిలేస్తే ఎద వచ్చినప్పుడల్లా డెమోడెక్స్ తిరగబెట్టే అవకాశం ఉంది, అది వేరే తలనొప్పి. ఇలా లెక్కేసుకుంటూ పోతే అర్ధ సంవత్సరం ఇట్టే గడిచిపోతుంది, ఎవరూ ఆలస్యం చేయకపోయినా.

దీనికంతటికీ షెల్టర్లు ఉన్నాయి కదా అనొచ్చు. ఉన్నాయి, 1992లో అక్కినేని అమల, నాగార్జున మొదలుపెట్టిన బ్లూక్రాస్ ఆఫ్ హైదరాబాద్ జూబ్లీహిల్స్‌లో ఇప్పటికీ నడుస్తోంది, విశాఖలో వీఎస్‌పీసీఏ ఉంది. కానీ ఏ షెల్టర్‌లోనైనా రోజూ కాళ్లు విరిగినవి, పార్వో సోకినవి వచ్చిపడుతూనే ఉంటాయి, నిరోధక శక్తి లేని కుక్కని వాటి మధ్య నెలల తరబడి ఉంచడం మంచిది కాదు, పైగా రాత్రంతా మొరుగుళ్లు. ఫోస్టర్ ఇల్లు దొరికితే షెల్టర్‌లో ఒక గది ఖాళీ అవుతుంది. అసలు లాభం అది కూడా కాదు. ఇంట్లో ఉంటేనే ఆ కుక్క ఎలాంటిదో తెలుస్తుంది.

ఈ విషయం కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే దత్తతకి వెళ్లిన కుక్కలు వెనక్కి రావడానికి మూలం చాలాసార్లు ఇదే. కొత్తగా వచ్చిన కుక్క మూలన కూర్చుంటుంది, మొరగదు, పిలిస్తే తల దించుకుని వస్తుంది. చూసినవాళ్లంతా "ఎంత బుద్ధిమంతురాలో" అంటారు. అది బుద్ధి కాదు, భయంతో బిగుసుకుపోవడం. రెస్క్యూ చేసేవాళ్లు మూడు రోజులు, మూడు వారాలు, మూడు నెలలు అని ఒక లెక్క చెబుతుంటారు: బిత్తరపోయి ఉండేది మూడు రోజులు, ఇంటి పద్ధతి అర్థం చేసుకునేది మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకునేది మూడు నెలలు. శాస్త్రం కాదు, అనుభవంతో చెప్పుకునే మాట, ఏ కుక్క తీరు దానిదే. కానీ అందులో సారం నిజమే, భయం వదిలాకే అసలు కుక్క బయటికి వస్తుంది. కాలింగ్ బెల్ మోగితే ఇల్లు ఎగిరిపోయేలా మొరుగుతుంది, చెప్పులు కొరుకుతుంది, ఒంటరిగా వదిలితే తలుపు గీరుతుంది. మొదటి వారంలోనే దత్తతకి ఇచ్చేస్తే తీసుకున్నవాళ్లు చూసి ముచ్చటపడ్డ కుక్క వేరు, నెల తర్వాత వాళ్లింట్లో ఉన్న కుక్క వేరు. "మాకు ఇచ్చినప్పుడు బాగానే ఉంది, ఇప్పుడు చెడిపోయింది" అని తిరిగి తెచ్చేది అప్పుడే. ఆ రెండో కుక్క ఫోస్టర్ ఇంట్లోనే బయటపడిపోవాలి, అప్పుడు ఉన్నదున్నట్టు చెప్పి ఇవ్వొచ్చు.

బెల్లం సంగతి చూడండి. ఫ్యాను తిరిగితే పాకుతూ మంచం కిందికి పోయేది, కుక్కర్ విజిల్‌కి అక్కడికక్కడే ఉచ్చ పోసేసేది, నున్నటి టైల్స్ మీద నడవడం రాక గోడవారగా జరిగేది. ఇవన్నీ వాటంతట అవే సర్దుకున్నాయి. సర్దుకోనిది గిన్నె. తినేటప్పుడు ఎవరైనా అటు నడిస్తే ఒళ్లు కర్రలా బిగిసేది, తల గిన్నెలోనే ఉండేది కానీ నోరు కదలడం ఆగిపోయేది, కంటి తెల్లగుడ్డు ఒక పక్కకి కనిపించేది, గొంతులోంచి సన్నగా గుర్రు. ఇలాంటప్పుడు మనవాళ్లు చెప్పే వైద్యం ఏంటంటే గిన్నె లాక్కో, రెండు తగిలించు, ఎవరు పెద్దో తెలుస్తుంది. సైటులో కూలీల పళ్లేల్లో మిగిలినదాని కోసం నాలుగు కుక్కలతో కొట్లాడిన ప్రాణానికి గిన్నె లాక్కుంటే తెలిసేది ఒకటే, మనిషి వస్తే తిండి పోతుంది అని, అంటే తను అనుకున్నదే నిజమని. దానికి విరుగుడు తిరగేసి చేయాలి. దూరంగా నడుస్తూ, ఆగకుండా, దానివైపు చూడకుండా గిన్నెలో ఉన్నదానికంటే రుచైన ముక్క ఒకటి, ఉడికించిన లివర్ లాంటిది, గిన్నెవైపు విసిరి వెళ్లిపోవాలి. మళ్లీ పూటకి మళ్లీ. ఒళ్లు వదులుగా ఉంటేనే ఒక అడుగు దగ్గరికి. కొన్ని వారాలకి నా అడుగుల చప్పుడికే గిన్నెలోంచి తలెత్తి తోక ఊపడం మొదలెట్టింది. కుక్క తోక వంకర అని సామెత చెప్పే మా పక్కింటాయన అది చూసి ఏమీ అనలేదు. అయినా ఐదేళ్లలోపు పిల్లలున్న ఇంటికి దీన్ని ఇవ్వం, తగ్గడం వేరు, పూర్తిగా పోవడం వేరు.

ఇక్కడికి వైద్యం అయింది, మనసు కుదుటపడింది. బరువు 17 కిలోలు. ఇంక ఇల్లు దొరకడమే తరువాయి, అదే దొరకదు.

ఇక్కడో చిన్న తేడా చెప్పాలి. రెస్క్యూ చేసిన ప్రతి కుక్కకీ దత్తత అక్కర్లేదు. ఒక వీధిలో పుట్టి పెరిగి, అన్నం పెట్టే ఇళ్లున్న కుక్కని వైద్యం చేయించి మళ్లీ అదే వీధిలో వదలడమే పద్ధతి, 2023 ఏబీసీ (జంతు జనన నియంత్రణ) నియమాలు చెప్పేది కూడా కుటుంబ నియంత్రణ, రేబిస్ టీకా అయ్యాక పట్టుకున్న చోటే వదలమని. 2025 నవంబర్ 7న సుప్రీంకోర్టు స్కూళ్లు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల లాంటి చోట్ల పట్టుకున్న కుక్కల్ని తిరిగి అక్కడ వదలొద్దని చెప్పడంతో వాటి సంగతి మారింది. అంతకుముందు ఆగస్టు 22 నాటి ఉత్తర్వులో వీధి కుక్కల్ని దత్తత తీసుకోవాలనుకునేవాళ్లు మున్సిపాలిటీకి దరఖాస్తు పెట్టుకోవచ్చని, అలా తీసుకున్నవి మళ్లీ వీధిన పడకుండా చూసే బాధ్యత వాళ్లదేనని కూడా ఉంది. బెల్లానికి వీధి అంటూ లేదు. అది పెరిగిన సైటు ఇప్పుడు గేటెడ్ కమ్యూనిటీ. ఊహ తెలిసినప్పటి నుంచి తాడు చివరన ఉన్న కుక్కకి రోడ్డు దాటడం కూడా రాదు. దానికి ఇల్లే గతి.

ఫోన్లయితే వస్తాయి. ఎక్కువ ఏవంటే మొయినాబాద్, షాద్‌నగర్ వైపు ఫామ్‌హౌస్‌ల నుంచి. "మేడమ్, రెండెకరాల స్థలం, హాయిగా ఉంటది, జీతగాడు ఇంత అన్నం పెడతడు, గొలుసు కూడా కొన్నం." మర్యాదగానే మాట్లాడతారు, మనసులో చెడు కూడా ఉండదు. కానీ యజమాని శనాదివారాలు వచ్చిపోయే చోట, గొలుసు, జీతగాడు పెట్టే అన్నం అంటే సైటు బతుక్కి పచ్చటి గడ్డి పరిచినట్టే. తర్వాత వచ్చేవాళ్లకి పిల్లే కావాలి, పెద్దది అలవాటు పడదంటారు. నిజానికి మూడేళ్ల కుక్క ఒంటికీ రెంటికీ ఎక్కడికి వెళ్లాలో నేర్చుకుని ఉంటుంది, దాని గుణం తెలిసిపోయి ఉంటుంది, మన దేశీ కుక్కలు బాగా చూసుకుంటే పన్నెండు, పదిహేనేళ్లు బతుకుతాయి. ఇంకొందరు ఆడది వద్దంటారు, పిల్లలు పెడుతుందని. ఆపరేషన్ అయిందని చెప్పినా వద్దంటారు. మిగిలినవాళ్లు అడిగేది ఏ జాతి అని. 2003లో పగ్ కుక్కతో హచ్ మొబైల్ ప్రకటన వచ్చాక ఊరంతా పగ్‌లు కొన్నారు, ఆ తర్వాత 42 డిగ్రీల ఎండలో హస్కీలు. వాటిలో చాలావాటిని ఇప్పుడు మేమే రోడ్ల మీద నుంచి ఏరుతున్నాం, అది వేరే వ్యాసం.

వీళ్లందరినీ దాటి నిజంగా ఇష్టపడి వచ్చినవాళ్లని మేం బోలెడు ప్రశ్నలు అడుగుతాం, పెళ్లి సంబంధానికి కూడా ఇన్ని అడగరని విసుక్కుంటారు. సొంతిల్లా అద్దెదా, ఓనర్‌కి తెలుసా, ఇంట్లో అందరికీ ఇష్టమేనా, సంక్రాంతికి ఊరెళ్తే ఎవరు చూస్తారు, కోడలు నీళ్లోసుకుంటే కుక్కని ఏం చేస్తారు. ఈ ఆఖరి ప్రశ్నకి చాలామంది నొచ్చుకుంటారు గానీ అడక్క తప్పదు, "గర్భిణి ఉంది, ఇంట్లో కుక్క ఉండకూడదన్నారు" అని వదిలేసినవి మా చేతికే ఎన్నో వచ్చాయి. వాళ్లు భయపడే టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి పిల్లుల మలంతోనూ, ఉడకని మాంసంతోనూ వచ్చేది, టీకాలు, నట్టల మందు సరిగా పడే ఇంటి కుక్కతో ఆ భయం లేదు. అమెరికా ఆలోచన ఉందా అని కూడా అడుగుతాం. వీసా రాగానే కుక్కని ఎవరికైనా ఇచ్చేద్దామనుకునేవాళ్లు ఈ ఊళ్లో తక్కువేం కాదు. తీసుకెళ్లొచ్చు, కానీ 2024 ఆగస్టు 1 నుంచి అక్కడి రూల్స్ గట్టిగా మారాయి. ఇండియా రేబిస్ ముప్పు ఎక్కువున్న దేశాల జాబితాలో ఉంది కాబట్టి మైక్రోచిప్, ఆరు నెలల వయసు, రేబిస్ టీకా, రక్తంలో యాంటీబాడీ పరీక్ష లేదంటే అక్కడ దిగాక 28 రోజుల క్వారంటైన్, ఇన్ని ఉన్నాయి. టికెట్ బుక్ చేశాక మొదలుపెడితే అయ్యే పని కాదు, నెలల ముందే చూసుకోవాలి.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ ఒప్పుకోదని భయపడేవాళ్లకి ఒక మాట. పెంపుడు కుక్కలు ఉండకూడదని, లిఫ్టు ఎక్కకూడదని తీర్మానం చేసే అధికారం అసోసియేషన్‌కి లేదని జంతు సంక్షేమ బోర్డు 2015లోనే మార్గదర్శకాలిచ్చింది. అద్దె ఇల్లయితే మాత్రం ఓనర్‌తో మీరు రాసుకున్న అగ్రిమెంటే లెక్క, అక్కడ బోర్డు కాగితం పనిచేయదు. అందుకే మేం ఓనర్‌తో ఫోన్లో మాట్లాడనిదే కుక్కని పంపం. మా దత్తత కాగితం మీద ఒక వాక్యం లావు అక్షరాల్లో ఉంటుంది: ఏ కారణంతోనైనా పెంచుకోలేకపోతే మాకే తిరిగివ్వాలి, ఇంకొకరికి ఇవ్వకూడదు, వదిలేయకూడదు. అందులో జరిమానాలేమీ లేవు, యాభై రూపాయల చట్టం ఉన్నచోట మా కాగితం ఎవర్ని భయపెడుతుంది? తిరిగివ్వడానికి సిగ్గుపడకుండా ఉండటానికే రాసుకున్నాం.

ప్రస్తుతానికి బెల్లాన్ని చూడటానికి వనస్థలిపురం నుంచి ఒక రిటైర్డ్ దంపతులు రెండుసార్లు వచ్చి వెళ్లారు. చిన్నపిల్లలు లేరు, పొద్దున్నా సాయంత్రం నడిచే అలవాటుంది, గిన్నె సంగతి చెబితే "ముక్క ఎంత దూరం నుంచి విసరాలమ్మా" అని ఆవిడే అడిగారు. వాళ్లది అద్దె ఇల్లు. ఓనర్ తన కొడుకుతో మాట్లాడి చెబుతానన్నాడు, ఇంకా చెప్పలేదు.